సొంత చిరునామా ఉన్న రాత

తెలుగులో ఏదైనా రాయాలని ఉండి, ఎక్కడ రాయాలో తేలక ఆగిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. పత్రికకు పంపడానికి జంకు. ఫేస్‌బుక్‌లో పెడితే రెండు రోజుల్లో కిందికి జారిపోతుంది. డైరీలో రాసుకుంటే బీరువా దాటదు. అలాంటివాళ్లకు ఇప్పటికీ బ్లాగే తగిన చోటని నా గట్టి నమ్మకం. కాని నమ్మకం చెప్పుకుంటే చాలదు, ఎదురువాదం ముందు నిలబడాలి. అందుకే దీన్ని సంవాదంగా రాస్తున్నాను. పత్రిక డెస్కులో ఏళ్ల తరబడి ఇతరుల కాపీ దిద్దిన పెద్దాయన ఒకవైపు, బ్లాగు రాసే అమ్మాయి మరోవైపు. నా పక్షం అమ్మాయిదే అయినా, పెద్దాయన అభ్యంతరాల్లో తేలిగ్గా తోసిపుచ్చదగ్గది ఒక్కటీ లేదు.

పెద్దాయన: అమ్మా, సందడి అయిపోయిన చోటికి కొత్తవాళ్లను పిలవడం న్యాయం కాదు. 2005, 2006 ప్రాంతంలో తెలుగు బ్లాగులు ఒకటొకటిగా మొదలైనప్పుడు ఆ ఉత్సాహం చూడముచ్చటగా ఉండేది, ఒప్పుకుంటాను. బ్లాగులన్నిటినీ ఒక చోట చేర్చే కూడలి అనే సైటు తెరిస్తే ఆ రోజు ఎవరెవరు ఏం రాశారో ఒకే పేజీలో కనబడేది. కింద వ్యాఖ్యల్లో ఛందస్సు మీదా, సినిమాల మీదా, రాజకీయాల మీదా రోజుల తరబడి వాదనలు నడిచేవి. తర్వాత ఏమైంది? రాసేవాళ్లు ఫేస్‌బుక్‌కి వెళ్లారు, చదివేవాళ్లు వాళ్ల వెంట వెళ్లారు. బ్లాగులు చదవడానికి లోకమంతా వాడిన రీడర్‌ని గూగుల్ 2013 జూలైలో మూసేసింది. ఇవాళ ఒకావిడ వంటింట్లో ఫోను నిలబెట్టి నాలుగు మాటలు చెప్పి యూట్యూబ్‌లో పెడితే వేలమంది చూస్తారు. అదే బ్లాగులో రాస్తే చదివేది పదిమంది. కొత్తగా రాయడం మొదలుపెట్టినవాళ్లకు మొదట కావలసింది నలుగురు చదివారన్న ఆనందం. అది దొరకని చోట కూర్చోబెడితే మూడో నెలకే మానేస్తారు.

అమ్మాయి: చదివేవాళ్లు తగ్గిన మాట నిజమే మాస్టారూ, అది కాదనను. కాని మీరు బ్లాగును ఒక గుంపుగా చూస్తున్నారు, గుంపు చెదిరింది కాబట్టి బ్లాగు పోయిందంటున్నారు. అది లోపల ఎలా పనిచేస్తుందో చూస్తే ఏది పోయిందో, ఏది మిగిలిందో తేలుతుంది. బ్లాగర్‌లోనో, వర్డ్‌ప్రెస్‌లోనో పైసా కట్టకుండా ఖాతా తెరవచ్చు. మొదటిది 1999లో పుట్టి 2003లో గూగుల్ చేతికి వచ్చింది, రెండోది సాఫ్ట్‌వేర్‌గా 2003లో వచ్చింది. మనం ఎంచుకున్న పేరుతో ఒక చిరునామా ఇస్తారు. అక్కడ రాసే ఒక్కో రచన ఒక్కో టపా. టపాకు శీర్షిక, తేదీ, వంట అనో ప్రయాణం అనో వ్యవసాయం అనో విషయం తెలిపే లేబులు ఉంటాయి. కొత్త టపా పైన, పాతవి కింద. ఇంతవరకు చూస్తే ఫేస్‌బుక్‌కీ దీనికీ పెద్ద తేడా కనబడదు. తేడా ప్రచురించు అన్న మీట నొక్కాక మొదలవుతుంది. ఆ క్షణంలో ఆ టపాకు విడిగా ఒక పేజీ, ఆ పేజీకి ఒక స్థిరమైన చిరునామా ఏర్పడతాయి. బ్లాగర్‌లో 2009 మే నెలలో రాసిన టపా చిరునామాలోనే 2009, 05 అన్న అంకెలు కనబడతాయి. దాన్ని ఇవాళ తెరిచినా అదే పేజీ వస్తుంది. చదవడానికి ఖాతా అక్కర్లేదు, స్నేహం కలపక్కర్లేదు. సెర్చ్ ఇంజన్లు ఆ పేజీని చదివి గుర్తుపెట్టుకుంటాయి. పక్కనే సంవత్సరాలవారీగా, నెలలవారీగా పాత టపాల పట్టిక ఉంటుంది. ఫేస్‌బుక్‌లో రాసింది ఎవరికి ఎప్పుడు కనబడాలో ఆ కంపెనీ లెక్క తేలుస్తుంది. బ్లాగులో రాసింది మాత్రం, కావలసినవాడు ఎప్పుడొచ్చినా దొరికేలా ఒక చోట నిలిచి ఉంటుంది. నా వాదమంతా ఈ ఒక్క విషయం మీదే ఉంది. బ్లాగుకు ప్రాణం దాని చిరునామా. పాఠకుల సంఖ్య ఆ తర్వాతి మాట.

పెద్దాయన: నిలిచి ఉండటం వేరు, పనికిరావడం వేరు. గోదాములో నిలిచి ఉన్న పాత కాగితాలు ఎన్ని లేవు?

అమ్మాయి: ఒక టపాను దగ్గరగా చూసి మాట్లాడదాం. ఒకావిడ మాగాయ పెట్టడం గురించి రాసిందనుకోండి. కాయ చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి జాడీలో ఉంచి, మూడోరోజు పిండి, ముక్కల్ని ఎండబెట్టి, ఊటను దాచి, ఆనక కారం, మెంతిపిండి, ఇంగువ పోపు కలపడం ఏ వంటల పుస్తకంలోనైనా ఉంటుంది. ఆవిడ అదనంగా రాసేవి వేరు. ముక్క ఎంత ముడుచుకుంటే ఎండినట్టు, ఎండబెట్టిన రోజే మబ్బు పడితే ముక్కల్ని ఏం చేయాలి, కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయకీ పెరటి నాటుకాయకీ ఉప్పు కొలత ఎలా మారుతుంది అన్నవి. కింద వ్యాఖ్యలో గుంటూరు నుంచి ఒకరు తమ ఇంట్లో ఆవపిండి కూడా పడుతుందని చెబుతారు. డాలస్ నుంచి ఒకమ్మాయి, ఇక్కడ దొరికే కాయకి పులుపు చాలడం లేదు, ఏం చేయమంటారని అడుగుతుంది. ఆవిడ జవాబిస్తుంది. ఆ రోజుకి చదివింది పదిమందే కావచ్చు. కాని మరుసటి ఏడాది మామిడికాయ బజారులోకి రాగానే ఎక్కడో ఎవరో గూగుల్‌లో మాగాయ అని తెలుగులో కొడతారు, ఆ పేజీ తెరుచుకుంటుంది. ఆ పై ఏడాదీ అంతే. జాడీ పగిలి కొత్తది కొన్నా, అమ్మ ఫోనుకి అందకపోయినా, ఆ కొలత అక్కడ ఉంటుంది. వీడియో చూపించే చేతివాటాన్ని రాత చూపించలేదు, అది ఒప్పుకోవాల్సిందే. కాని వీడియోలో ఉప్పు కొలత ఒక్కటే కావాలంటే ముందూ వెనకా జరుపుకుంటూ వెతకాలి, చెప్పినదాంట్లో తప్పు దొర్లితే ఆ ఒక్క మాట దిద్దడం కష్టం. రాతలో వెతుకుడూ సులువు, దిద్దుబాటూ సులువు. వేలమంది ఒక్కరోజు చూసి మరిచిపోయేదానికీ, ఏడాదికి యాభైమంది చొప్పున అవసరం పడి వెతుక్కుంటూ వచ్చేదానికీ విలువ కట్టేటప్పుడు మొదటి రోజు లెక్క ఒక్కటే చూడకూడదు.

పెద్దాయన: నువ్వు చెప్పిన టపా బాగుంది, ఎందుకంటే ఆవిడకి విషయం తెలుసు. ఎంతమంది అలా రాస్తారు? పత్రికలో ఒక వ్యాసం అచ్చయ్యే ముందు కనీసం ఇద్దరి కళ్ల కింద నుంచి పోతుంది. ఊళ్ల పేర్లు, తేదీలు సరిచూస్తారు. కాపీలో మొదటి పేరా కొట్టేస్తే చాలా వ్యాసాలు బాగుపడతాయని డెస్కులో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు. బ్లాగులో ఆ మొదటి పేరా కొట్టేసేవాళ్లు లేరు. రాసిన వేడిలో మీట నొక్కేస్తే చాలు, తప్పులతో సహా లోకానికి వెళ్లిపోతుంది. పత్రికలు కొత్తవాళ్లను రానివ్వవు అని మాత్రం అనకు. మాతృభాష తమిళం, తెనాలి హోటళ్లలో సర్వరు పని, అయినా నటరాజన్ అనే యువకుడు శారద పేరుతో తెలుగులో కథలూ నవలలూ రాశాడు. అతన్ని పాఠకుల దగ్గరికి చేర్చింది పత్రికలే. రాతలో బలముంటే చోటు దొరుకుతుంది, దొరకడానికి పడే శ్రమలోనే రాత పదునెక్కుతుంది.

అమ్మాయి: శారద పేరెత్తారు కాబట్టి పత్రికలు చేసిన మేలుకు నేనూ నమస్కరిస్తాను. ఎడిటరు పనికి బ్లాగు ప్రత్యామ్నాయమని నేననను. కాని పత్రికకు ఒక నిడివి ఉంటుంది, ఒక సందర్భం ఉంటుంది, దాని పాఠకులు ఎవరన్న లెక్క ఉంటుంది. ఒక మండలంలో చెరువుల పేర్లు, వాటి తూముల పేర్లు, ఏ చెరువు కింద ఏ పంట పండేదో రాసుకొచ్చిన కాగితాలు మీ డెస్కుకి వస్తే మీరు ఏం చేస్తారు? తప్పులు లేకపోయినా పక్కన పెడతారు, ఎందుకంటే మిగతా జిల్లాల పాఠకులకు అది అక్కర్లేదు. పక్కన పెట్టడం మీ తప్పు కాదు, పత్రిక స్వభావం అది. అయినా ఆ కాగితాలు పోకూడదు కదా. మన భాషలో దీనికి పాత సాక్ష్యం ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరుగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో పరివారంతో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. ఏ రోజు ఏ ఊళ్లో మజిలీ, అక్కడ నీళ్లెలా ఉన్నాయి, ఏం సరుకులు దొరుకుతాయి, దారి ఎలాంటిది, జనం ఎలా బతుకుతున్నారు అన్నవి మద్రాసులోని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకి తేదీల వారీగా రాస్తూ వచ్చాడు. ఏ పండితుడూ దాన్ని కావ్యంగా తీర్చిదిద్దలేదు. రోజువారీ రాత కాబట్టే, తర్వాత కూర్చుని రాస్తే జారిపోయే చిన్న చిన్న సంగతులు అందులో మిగిలాయి. ఇవాళ ఆ కాలపు దక్షిణాది గురించి రాసే చరిత్రకారులు దాన్ని పక్కన పెట్టుకోకుండా అడుగు వేయలేరు.

పెద్దాయన: వీరాస్వామయ్య పలు భాషలు తెలిసిన ఉద్యోగి. అందరూ వీరాస్వామయ్యలు కాదమ్మా.

అమ్మాయి: కాదు, నిజమే. కాని ఆ పుస్తకం మనదాకా ఎలా వచ్చిందో గమనించండి. ఆయన 1836లో కన్నుమూశాడు, పుస్తకం 1838లో అచ్చయింది. శ్రీనివాస పిళ్లె ఆ ఉత్తరాలు జాగ్రత్త చేసి, శ్రమపడి అచ్చు వేయించాడు కాబట్టి మిగిలింది. మళ్లీ 1941లో దిగవల్లి వేంకట శివరావు పరిష్కరించి ప్రచురించారు కాబట్టి మన తరానికి అందింది. ఇద్దరు శ్రద్ధగలవాళ్లు దొరికారు, ఒక పుస్తకం బతికింది. అలాంటి మిత్రుడు దొరకని రాతలు ఆ కాలంలో ఎన్ని పోయి ఉంటాయో లెక్క తీయడం ఎవరి తరమూ కాదు. రాసినవాడే, బతికుండగానే, ఖర్చు లేకుండా, ఆ రోజే ప్రచురించుకునే వీలు మన కాలానికి దొరికింది. దొరికిన వీలును వాడుకోమని చెప్పడమే నేను చేస్తున్నది. ఇక తప్పుల సంగతి. బ్లాగులో టపాను వెంటనే ప్రచురించాలని ఎవరూ తొందరపెట్టరు. చిత్తుప్రతిగా దాచుకోవచ్చు, రెండురోజులాగి చదివి మీరన్న ఆ మొదటి పేరా మనమే కొట్టేయవచ్చు. ప్రచురించాక తప్పు తెలిస్తే దిద్దవచ్చు. దిద్దిన సంగతి చివర ఒక వాక్యంలో చెప్పడం మర్యాద. అచ్చయిన పత్రికలో పొరపాటు దొర్లితే సవరణ మరో రోజు మరో మూల పడుతుంది, మొదటిది చదివినవాడు రెండోది చూస్తాడన్న నమ్మకం లేదు. బ్లాగులో తప్పూ దిద్దుబాటూ ఒకే పేజీ మీద ఉంటాయి. పైగా విషయం తెలిసిన పాఠకుడు వ్యాఖ్యలోనే సరిచేస్తాడు. చెరువు పేరు తప్పు పడితే ఆ ఊరివాడు ఊరుకోడు.

పెద్దాయన: వ్యాఖ్యల ఊసెత్తావు కాబట్టి అడుగుతున్నాను. తెలుగు బ్లాగులు వాడిపోవడానికి ఫేస్‌బుక్ ఒక్కటే కారణమా? అజ్ఞాత పేరుతో వచ్చి నోటికొచ్చింది తిట్టిపోయేవాళ్లు కారణం కాదా? ముఖ్యంగా ఆడవాళ్లు రాసిన చోట ఎంత నీచంగా రాశారో, ఎంతమంది మంచి రచయిత్రులు విసిగి బ్లాగులకు తాళం వేసుకున్నారో నీకు తెలుసు. కొత్తగా వచ్చే అమ్మాయికి ఈ సంగతి చెప్పకుండా రమ్మంటే అది మోసం.

అమ్మాయి: చెప్పి తీరాలి, దాచకూడదు. మాటల హింస వల్ల ఆగిపోయిన రాతలు తెలుగుకు నిజమైన నష్టం, ఆ నష్టం చేసినవాళ్లను సరదాకి అన్నారని వదిలేయడం ఇంకా పెద్ద తప్పు. కాని ఈ విషయంలో బ్లాగు రాసేవాళ్ల చేతిలో అధికారం ఉంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి, నేను చూసి ఒప్పుకున్నాకే వ్యాఖ్య కనబడాలి అని పెట్టుకోవచ్చు. అజ్ఞాతలు రాయకుండా ఆపవచ్చు. వ్యాఖ్యల పెట్టె పూర్తిగా మూసేసినా టపాకు ఏ లోటూ రాదు, చదవడం ఆగదు. కొత్తవాళ్లకు నా సలహా మొదటి రోజునుంచే వ్యాఖ్యలను పరిశీలించాకే వదలమని. చూడకుండా వదిలితే తర్వాత బాధపడాలి. వ్యాఖ్య తీసేయడం భావప్రకటన స్వేచ్ఛకు అడ్డు అని ఎవరైనా వాదిస్తే వినక్కర్లేదు, వాళ్లకూ సొంత బ్లాగు ఉచితంగానే దొరుకుతుంది. కలం పేరుతో రాయడం కూడా తప్పేమీ కాదు, మన సాహిత్యంలో అది ఎప్పటినుంచో ఉన్నదే. పిల్లల ఫొటోలు, ఇంటి చిరునామా, ఊరెళుతున్న తేదీలు రాయకపోవడం జాగ్రత్త. ఊరి నుంచి తిరిగొచ్చాక యాత్ర గురించి ఎంతైనా రాయవచ్చు.

పెద్దాయన: సరే. ఇక నాకున్న అసలు అనుమానం చెబుతాను, దీనికి జవాబు అంత తేలిక కాదు. స్థిరమైన చిరునామా అని ఇందాకటి నుంచి అంటున్నావు. ఆ చిరునామా ఎవరిది? గూగుల్‌ది. జియోసిటీస్‌లో లోకమంతా కట్టుకున్న సొంత పేజీలను యాహూ 2009లో కూల్చేసింది. ఆర్కుట్ 2014లో పోయింది. గూగుల్ ప్లస్ 2019లో పోయింది. మన వాళ్లు తెలుగు సాహిత్యం మీద ఏళ్ల తరబడి చర్చించుకున్న గుంపులు యాహూలో ఉండేవి, ఆ యాహూ గ్రూప్స్‌కి కూడా 2020 డిసెంబరులో మంగళం పాడారు. కంపెనీ ఒక్కటే కాదు, ప్రభుత్వమూ ఉంది. 2006 జూలైలో ముంబయి రైళ్లలో పేలుళ్లు జరిగాక కొన్ని సైట్లను ఆపమని ఉత్తర్వులిస్తే, నెట్ కంపెనీలు బ్లాగర్ బ్లాగులు ఉండే బ్లాగ్‌స్పాట్ మొత్తానికే అడ్డం వేశాయి, ఏ పాపం ఎరగని బ్లాగులన్నీ కొన్ని రోజులు మన దేశంలో తెరుచుకోలేదు. కాగితం మీద అచ్చయిన పత్రికకు ఈ గతి లేదు. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పెట్టింది. నూరేళ్ల కిందటి పత్రికలు అక్కడ ఇప్పటికీ చేతికి తీసుకుని చదవచ్చు. నువ్వు చూపిస్తున్న చోటుకి పాతికేళ్లు నిండాయంతే.

అమ్మాయి: మీరన్న ప్రతి సంగతీ నిజం. ఈ అభ్యంతరాన్ని పక్కనపెట్టి బ్లాగును పొగడటం కుదరదు, దీనికి జవాబు చెప్పలేకపోతే నా వాదన నిలబడదు. మూతపడిన ఆ సేవల్లో చాలావాటిలో ఉన్న లోపం ఒకటే: రాసినదాన్ని రాసినవాడు తన దగ్గరికి తీసుకుపోయే దారిని మొదటినుంచీ సులువుగా ఉంచకపోవడం. బ్లాగులో ఆ దారి ఉంది. బ్లాగర్‌లో గానీ వర్డ్‌ప్రెస్‌లో గానీ ఇప్పటిదాకా రాసిన టపాలన్నీ, వ్యాఖ్యలతో సహా, ఒక ఫైలుగా మన కంప్యూటర్‌లోకి దించుకోవచ్చు. ఆ ఫైలును మరో చోటికి ఎక్కిస్తే బ్లాగు అక్కడ మళ్లీ లేస్తుంది. గూగుల్ బ్లాగర్‌ని రేపు మూసేసినా ఆ ఫైలున్నవాళ్లు టపాలు పోగొట్టుకోరు. చిరునామా కూడా మనదే కావాలనుకుంటే ఏడాదికి కొంత రుసుం కట్టి సొంత డొమైన్ పేరు కొనుక్కోవచ్చు. అప్పుడు లోపల బ్లాగర్ నుంచి వర్డ్‌ప్రెస్‌కి మారినా ఆ పేరు మనతోనే ఉంటుంది, పాత టపాల దారులు అవే ఉండేలా సర్దుకుంటే పాత లంకెలూ చెడవు. ఏ పేజీనైనా ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరచమని మనమే అడగవచ్చు, 2001 నుంచి అందరికీ తెరిచి ఉన్న భాండాగారం అది. జియోసిటీస్ పేజీలు ఎన్నో ఇవాళ చదవగలుగుతున్నామంటే, మూసేముందు కొందరు స్వచ్ఛందంగా దించి దాచారు కాబట్టే. వేటపాలెం గ్రంథాలయం కూడా తనంత తానే నిలవలేదు, కాగితానికి చెద పట్టకుండా, వానకు తడవకుండా ఎవరో కాపాడుతూ వచ్చారు. భద్రం చేయాల్సిన అవసరం కాగితానికీ ఉంది, తెరకీ ఉంది. ఇక్కడ ఆ పని రాసినవాడే చేసుకోగలడు.

గూగుల్ రీడర్ మూసేశారని ముందే అన్నారు. దానికీ ఇదే జవాబు. రీడర్ ఒక కంపెనీ సరుకు. దాని వెనకున్న ఫీడు మాత్రం 1999లో మొదలైన ఒక బహిరంగ పద్ధతి, ఎవరి సొత్తూ కాదు. ప్రతి బ్లాగూ తన కొత్త టపాల జాబితాను ఆ పద్ధతిలో తనంత తానే తయారుచేసి పెడుతుంది. ఫీడ్లీ లాంటి ఏ రీడర్‌లో ఆ బ్లాగు చిరునామా ఇచ్చినా కొత్త టపా పడగానే అక్కడ కనబడుతుంది. కూడలి పనిచేసింది ఈ ఆధారంతోనే. ఇవాళ జనం చెవుల్లో పెట్టుకుని వింటున్న పాడ్‌కాస్టులు కూడా ఎక్కువగా ఈ ఫీడుల మీదే నడుస్తున్నాయి. ఒక కూడలి వెలవెలబోతే, ఓపికున్నవాళ్లు ఇంకొకటి కట్టవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫేస్‌బుక్‌లో రాసినవాళ్లందరి కొత్త రాతలను ఒక చోట చేర్చి చూపిస్తానంటే ఆ కంపెనీ ఒప్పుకోదు.

పెద్దాయన: రాయడం సంగతో? తెలుగు టైపు చేయడం రాక ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాళ్లను రోజూ చూస్తున్నాం.

అమ్మాయి: పాతికేళ్ల కిందట అది నిజమైన అడ్డంకి. అప్పట్లో న్యూస్‌గ్రూపుల్లో తెలుగువాళ్లు ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతోనే పద్యాలు కూడా రాసుకున్నారు. పత్రికల సైట్లు ఒక్కొక్కటీ ఒక్కో సొంత ఫాంటు వాడేవి. ఆ ఫాంటు దించుకోకపోతే పేజీ అంతా అర్థంకాని గుర్తులు. యూనికోడ్‌లో తెలుగు లిపికి 1991లోనే చోటిచ్చినా, మన కంప్యూటర్లలో అది కుదురుగా కనబడటానికి మరో పదేళ్లు పైనే పట్టింది. అది కుదురుకున్నాక, 2006లో లేఖిని అనే సైటు వచ్చాక, ఇంగ్లీషు కీబోర్డు మీదే తెలుగు టైపు చేయడం సులువైంది. తెలుగు బ్లాగులు ఒక్కసారిగా పెరగడానికి ఇది కూడా ముఖ్యమైన కారణం. ఇప్పుడు ఫోనులో తెలుగు కీబోర్డు ఉంది, 2017 నుంచి గూగుల్ కీబోర్డుకు తెలుగులో చెప్పినా రాసిపెడుతుంది. అలా చెప్పి రాయించినదాన్ని ఒకసారి దిద్దుకోవాలి, అంతే. బ్లాగర్ వాడేవాళ్లు తెలుసుకోవలసిన చిన్న కిటుకు ఒకటుంది. శీర్షిక తెలుగులో పెట్టి ప్రచురిస్తే చిరునామాలో ఆ అక్షరాలు రావు, బ్లాగ్-పోస్ట్ అని ఇంగ్లీషులో ఒక అర్థంలేని పేరు పడుతుంది. ప్రచురించే ముందు పర్మలింక్ అన్న చోట మాగాయ అనో, చెరువులు అనో ఇంగ్లీషు అక్షరాల్లో మనమే పేరు ఇస్తే చిరునామా చూడగానే విషయం తెలుస్తుంది. ఒకసారి ప్రచురించాక దాన్ని మార్చకూడదు, అప్పటికే ఆ లంకె ఇచ్చినవాళ్లకు పేజీ దొరకదు.

పెద్దాయన: దొంగతనం మాటేమిటి? కష్టపడి రాసింది పొద్దున్నకల్లా పేరు తీసేసి వాట్సాప్‌లో తిరుగుతుంది. ఇప్పుడు కృత్రిమ మేధ యంత్రాలు కూడా నెట్‌లో ఉన్నదంతా లాక్కుంటున్నాయి.

అమ్మాయి: దొంగతనాన్ని పూర్తిగా ఆపడం ఎవరి వల్లా కాదు, పత్రికల వల్లా కాదు. కాని 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం మనం రాసినదానిపై హక్కు రాసిన క్షణం నుంచే మనది, రిజిస్టరు చేయించనక్కర్లేదు. ఆ హక్కు రుజువు చేయాల్సి వస్తే తేదీతో సహా ఉన్న టపా పేజీ మంచి ఆధారం. వాట్సాప్‌లో మాత్రమే రాసినవాడి దగ్గర అదీ ఉండదు. యంత్రాల సంగతి అంటారా, అవి ఊరి తూముల పేర్లు, ఫలానా కాయకి ఉప్పు కొలత తమంత తాముగా కనిపెట్టలేవు. తెలిసిన మనిషి ఎక్కడో ఒకచోట సరిగ్గా రాసి ఉంచాలి. తెలుగులో అలా రాసి ఉంచిన పేజీలు తక్కువగా ఉన్నంతకాలం, యంత్రమైనా మనిషైనా మన సంగతులు ఇతర భాషలవాళ్లు రాసిన దాన్నిబట్టే తెలుసుకోవాల్సి వస్తుంది. భయపడి రాయడం మానేస్తే ఆ లోటు మనమే పెంచినట్టు.

పెద్దాయన: నేను పూర్తిగా ఒప్పుకోలేదు. ఎడిటరు లేని రాత పట్ల నా అపనమ్మకం అలాగే ఉంది. చదివేవాళ్లు ఎలా వస్తారన్నది కూడా తేలలేదు.

అమ్మాయి: ఆ రెండిటికీ కొత్తవాళ్లు చేయగలిగింది ఉంది. టపా ప్రచురించే ముందు తెలిసిన ఒక్కరికైనా చూపించమనండి. మీలాంటివాళ్లు రిటైరై ఇంట్లో ఉన్నారు, అడిగితే కాదనరు. చదివేవాళ్ల కోసం ఫేస్‌బుక్‌నీ వాట్సాప్‌నీ వదులుకోమని నేను చెప్పడం లేదు. పూర్తి రచన బ్లాగులో ఉంచి, రెండు వాక్యాలతో దాని లంకె అక్కడ ఇస్తే సరిపోతుంది. జనం ఉన్న చోట కబురు చెప్పి, చదవడానికి మన చోటికి రమ్మనడం అది. ఇంకో పని కూడా చేయాలి, చాలామంది చేయనిది. ఇతరుల బ్లాగులు చదివి, వాటి కింద నాలుగు మాటలు నిజాయితీగా రాయాలి, నచ్చిన టపాలకు తమ టపాల్లో లంకెలు ఇవ్వాలి. తెలుగు బ్లాగులు కళకళలాడిన రోజుల్లో జరిగింది అదే. రాసేవాళ్లే ఒకరినొకరు చదివారు, తర్వాత బయటివాళ్లు వచ్చారు.

పెద్దాయన: ఇవాళ మొదలుపెట్టేవాళ్లకు ఏం రాయమంటావు?

అమ్మాయి: తమకు మాత్రమే తెలిసినది. ఊరి పంట కాలువ, చేస్తున్న ఉద్యోగంలో బయటివాళ్లకు తెలియని పద్ధతులు, చదివిన పుస్తకం మీద అభిప్రాయం, పెద్దవాళ్లు చెప్పగా విన్న ఊరి చరిత్ర, ఏదైనా సరే. నెలకు ఒక్క టపా చాలు. శీర్షిక తెలుగులో, లేబులు తెలుగులో పెట్టండి, వెతికేవాళ్లకు అవే దారి. వ్యాఖ్యలు చూసి వదలండి. ఆరు నెలలకోసారి అన్ని టపాలనూ ఒక ఫైలుగా దించి, కంప్యూటర్‌లో ఒక చోట, పెన్‌డ్రైవ్‌లో ఒక చోట పెట్టుకోండి. ఖాతా తెరవడానికి పది నిమిషాలు పడుతుంది. చెరువు తూము పేరు తెలిసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, ముందు వాళ్లను అడిగి అది రాయండి.